నెరసిన తలకు సింగారము



ఈ మాసమున మాకు అందిన జాబులలో నాలుగైదు తలకట్టును గూర్చినవే. వానిలో నొకదానిని మేము రెండు మూడు మారులు చదివితిమి. వ్రాసినామె యేబది యెనిమిదేండ్ల గృహిణి. పందొమ్మిదేండ్లనుండి నెలకొకమారు తలకు నల్లరంగు వేసికొనుచున్నారట. గడచిన యేడాదిగా రంగు వేసికొనిన మఱునాడు చెవుల వెనుకను, మెడమీదను దురద పుట్టుచున్నదట. కడపటిమారు కనుఱెప్పలు వాచి రెండు దినములు కన్నులు తెఱవలేకపోయినారట. రంగు మానుదమన్నచో మూడు మాసములలో కుమారుని వివాహము. "పెండ్లికొడుకు తల్లి తెల్లతలతో పీటలమీద కూర్చుండునా?" అని ఆడపడుచు లనుచున్నారు. "అమ్మా, వియ్యపురాలి ప్రక్కన నీవు ఆమె తల్లివలె కనబడుదువు" అని కూతురు దిగులుపడుచున్నది. "ఈ యొక్క పెండ్లికి దురద నోర్చుకొని రంగు వేసికొనవచ్చునా? లేక, జుట్టు పొట్టిగా కత్తిరించుకొని తెల్లదనముతోనే నిలువవచ్చునా? ఈ వయసున కత్తెర పట్టించిన నలుగురు నవ్వరు గదా?" అని ఆమె ప్రశ్న.

మొదటి ప్రశ్నకు ఒక్క మాటలో సమాధానము చెప్పవచ్చును: వేసికొనరాదు. రెండవదానికి మాత్రము కొంత విస్తరించి వ్రాయవలసి యున్నది. ఇట్టి చిక్కులో నున్న సోదరీమణులు మఱెందఱో కలరు గనుక అందఱకును పనికివచ్చునట్లు ఇచ్చట వ్రాయుచున్నాము.

వెండ్రుక స్వయముగా జీవము లేనిది. చర్మము క్రింద దాని కుదురున రంగునిచ్చు కణములు కొన్ని యుండును. అవి మెలనిను అను వర్ణద్రవ్యమును తయారుచేసి పెరుగుచున్న వెండ్రుకలోనికి నింపుచుండును. వయసుతోపాటు ఆ కణములు క్షీణింపగా వెండ్రుక రంగు లేకయే పైకి వచ్చును. ఇది యెప్పుడు మొదలగునన్నది చాలవరకు పుట్టువునుబట్టి యుండును. బి12 అను విటమిను లోపమును, థైరాయిడు గ్రంథి రోగములును కొందఱికి దీనిని త్వరపఱచును. మా యింటివారు తమ తల నెరయుటకు బడిలోని సుద్దపొడియే కారణమని పిల్లలతో చెప్పుచుందురు గాని, సుద్దముక్క యెన్నడును చేతబట్టని వారి తమ్ముని తల యంతకంటె తెల్లగా నున్నది.

ఒక్కటి పెరికిన పది మొలచునను మాట నమ్మదగినది కాదు. ఒక కుదురునుండి మరల ఆ యొక్క తెల్లవెండ్రుకయే వచ్చును. పలుమారులు పెరికినచో కుదురు చెడి యదియు రాకపోవచ్చును. నడినెత్తిన జుట్టు పలుచబడుచున్న వయసున ఉన్నదానిని పోగొట్టుకొనుట యెందులకు? గుంటగలగర, ఉసిరిక, మందార, కరివేపాకు వేసి కాచిన నూనెలు జుట్టుకు నునుపు నిచ్చును, చిక్కు పడనీయవు, అంతవఱకు మంచివే. తెల్లదానిని నల్లగా మార్చునని సీసాపై వ్రాసియున్నను ఆ పని వానివలన కాదు.

కాళిదాసు రఘువంశమున పండ్రెండవ సర్గారంభమునందు, ముసలితనము నెరసిన వెండ్రుక నెపముతో దశరథుని చెవికడకు వచ్చి, రాజ్యమును రామున కప్పగింపుమని రహస్యముగా చెప్పినట్లు వర్ణించినాడు. పురుషునికి తెల్లవెండ్రుక హితము చెప్పు మంత్రి యయినది. ఆడుదానికి మాత్రము అది పదిమంది కంటబడకుండ దాచవలసిన వస్తు వయినది. ఈ భేద మెందులకని చిన్ననాట తండ్రిగారి సన్నిధిని ఆ సర్గ చదువుకొన్నప్పుడు మాకు తోచలేదు. మా పాపటలో నాలుగు తెల్లపోగులు మెఱసిన పిమ్మట తోచినది.

ఇక రంగు విషయము. నేడు అంగళ్ళలో దొరకు నల్లరంగులలో పెక్కింటి మూలము పారాఫినైలిన్ డయమైన్ అను రసాయనము. యూజీన్ షూలేర్ అను ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు 1907లో ఇట్టి కృత్రిమపు రంగును తయారుచేసి అమ్మ మొదలిడెను; అప్పటినుండి ఈ వ్యాపారము లోకమంతయు వ్యాపించినది. చాలమందికి దీనివలన బాధ లేదు. కాని కొందఱి శరీరము దీనిని శత్రువుగా గుర్తుపట్టును. ఆ గుర్తుపట్టుట మొదటి దినముననే జరుగవలెనని లేదు. పదేండ్లు, ఇరువదేండ్లు సుఖముగా వాడిన పిమ్మటను జరుగవచ్చును. "ఇన్నాళ్ళు లేనిది ఇప్పుడేల వచ్చును?" అని మనవారు దురదకు కారణము నూనెలోను, తలగడలోను, వంకాయకూరలోను వెదకుట అందువలననే. ఒకమారు శరీరము గుర్తుపట్టెనా, ఇక జన్మాంతము మఱువదు. పిదప వేసికొనిన ప్రతిమారును బాధ వెనుకటికంటె ఎక్కువ కావచ్చును. పెదవులు, నాలుక వాచుటగాని ఊపిరి యాడకపోవుటగాని జరిగినచో తెల్లవాఱువఱకు ఆగక వెంటనే ఆసుపత్రికి పోవలయును.

జాబు వ్రాసిన సోదరికి కనుఱెప్పలు వాచినవి. ఇది చిన్న హెచ్చరిక కాదు. కావున ఆమె మొదట చర్మవైద్యునికడకు వెళ్ళి, వాడిన రంగు పెట్టెను కూడ తీసికొనిపోయి చూపవలయును. పెండ్లికి వారము ముందుగా "ఒక్కసారికే గదా" అని వేసికొన్నచో వాచిన మొగముతో పీటలమీద కూర్చుండవలసి వచ్చును. తెల్లజుట్టుతో కూర్చుండుటకంటె అది మేలని ఆడపడుచులును అనరు.

రంగుపెట్టెలపై వ్రాయు మాటలను గూర్చి ఒక హెచ్చరిక. అమ్మోనియా లేదని వ్రాసినంతమాత్రమున పైని చెప్పిన రసాయనము లేదని యర్థము కాదు. అవి రెండును వేఱు. "హెర్బల్" అని ఆకు బొమ్మ వేసినను అంతే. అన్నిటికంటె మోసకరమైనది నల్ల గోరింట యని యమ్ము పొడి. గోరింటాకునకు స్వభావముచే నలుపు లేదు. అరగంటలో తలను కాటుకవలె నల్లచేసెనా, దానిలో ఈ రసాయనమే కలిసియుండవచ్చును. పెట్టెను త్రిప్పి సన్నని అక్షరములు చదువుడు. మీ కన్నుల కానకున్న మనుమలచేత చదివించుకొనుడు. ఈ పొట్లములను పిల్లల చేతి కందనీయరాదు. కడుపులోనికి పోయినచో గొంతు వాచి ప్రాణాపాయము కలుగును.

బాధ లేనివారు రంగు వేసికొనదలచినచో మేము వలదనము. ఎవరి తల వారిది. అయితే ప్రతిమారును నలువది యెనిమిది గంటల ముందుగా కొంచెము రంగును చెవి వెనుకగాని మోచేతి మడతలోగాని రాచి చూచుకొనవలయును. మఱియొక మాట: అఱువదవ యేట ఇరువదవ యేటి నలుపు మొగమునకు నప్పదు. వయసుతో చర్మపుచాయ మెత్తబడును. దానిపై బొగ్గువంటి నలుపు పెట్టినచో మొగము కళ తప్పి, ముడుతలు ఎక్కువగా కనబడును. ముదురు గోధుమవన్నె యయినచో మొగము తేటపడును, కుదుళ్ళు తెల్లగా పెరిగినప్పుడు గీత గీసినట్లును కనబడదు. నుదుటిపైని, కణతలకడను కొంత తెల్లదనమును వదలుట ఇంకను మంచిది. ఇందిరాగాంధీగారి నుదుటిపైని తెల్లని పాయ ఆమె మొగమునకు ఎంత గాంభీర్యము తెచ్చెనో ఆమె చిత్రములు చూచినవా రెఱుగుదురు.

రసాయనము పడనివారికి గోరింట, నీలి అను రెండాకులు కలవు. గోరింటాకులోని లాసోను అను వర్ణద్రవ్యము వెండ్రుకలోని మాంసకృత్తులను పట్టుకొనును. అందుచేతనే ఆషాఢమున పెట్టుకొన్న గోరింట గోళ్ళకు అన్ని నాళ్ళు నిలుచుట. తెల్లవెండ్రుకపై గోరింట ఒక్కటే పెట్టిన అగ్గివంటి యెఱుపు వచ్చును. అది కొందఱి కిష్టము, మా కిష్టము కాదు. దానిపై నీలి ఆకు పొడి పెట్టినచో గోధుమవన్నెనుండి నలుపువఱకు వచ్చును. పందొమ్మిదవ శతాబ్దమున కడప, నెల్లూరు జిల్లాలలో విరివిగా పండి ఓడలకెక్కిన నీలి పైరే యిది. బట్టకు రంగు పట్టించినట్లే వెండ్రుకకును పట్టించును.

విధానము చెప్పెదము. భుజములవఱకు నున్న జుట్టునకు నూఱు గ్రాముల గోరింటాకు పొడి చాలును. గోరువెచ్చని తేయాకు కషాయములో కొంచెము నిమ్మరసము పిండి, పొడిని దోసెపిండివలె కలిపి, రాత్రియంతయు నాననీయవలయును. తలంటుకొని, జుట్టు ఆఱిన పిదప నూనె లేకుండ పాయలు పాయలుగా పట్టించి, రెండు మూడు గంటలుంచి, వట్టినీటితో కడుగవలయును. అటుపిమ్మట నీలి ఆకు పొడిని గోరువెచ్చని నీటితో, చిటికెడు ఉప్పు వేసి కలిపి, పది పదునైదు నిమిషములు మాత్రము ఆగి వెంటనే పట్టింపవలయును. దీనిని రాత్రి నానబెట్టినచో శక్తి పోవును. గోరింటకును దీనికిని ఉన్న ఈ భేదము తెలియకయే పెక్కుమంది నీలి పనిచేయలేదని పాఱవైతురు. ఒకటి రెండు గంటల కది కడిగివేసి, రెండు దినములు షాంపూగాని కుంకుడుకాయగాని తగులనీయరాదు. మొదట ఆకుపచ్చగా తోచినను భయపడవలదు. గాలి తగిలినకొలది ఆ రెండు దినములలో రంగు ముదురును. గోరింట జుట్టును ఎండగట్టును గనుక మూడవనాడు కొబ్బరినూనె రాచుకొనుడు. దినమంతయు పట్టు పని యిది. ఇంట వంటకు మఱియొకరు లేనివారు దీనిని తలపెట్టకుండుటయే మేలు. ఈ పొడులలో కల్తీ లేదని పెట్టెపై చూచుకొని, వీనినికూడ చెవి వెనుక రాచి పరీక్షింపవలయును. ఎఱ్ఱబడి దద్దురులున్న చర్మముపై ఏ యాకును పెట్టరాదు.

ఇవి రెండును వలదనుకొన్నవారికి మిగిలినది తెల్లదనమును రానిచ్చుట. చెప్పినంత సులభము కాదు. వెండ్రుక నెలకు సుమారు అర అంగుళము పెరుగును. నడుమువఱకు నున్న జడ ముప్పది అంగుళములనుకొనుడు. రంగంతయు పోయి కుదురునుండి కొసవఱకు తెల్లబడుటకు అయిదేండ్లు పట్టును. ఆ యయిదేండ్లును తల సగము తెలుపు, సగము వెలిసిన నలుపుగా నుండును. రంగు మానుదమని మొదలిడిన సోదరీమణులలో పెక్కుమంది మూడవ నెలలోనో నాలుగవ నెలలోనో మరల రంగుపెట్టె తెఱచుట ఈ గీతను చూడలేకయే. కత్తెర యొక్క ప్రయోజన మిచ్చటనే. జుట్టును మెడవఱకు, అనగా పది పండ్రెండంగుళములకు కత్తిరించినచో అయిదేండ్ల పని రెండేండ్ల లోపల తీఱును. ఇంకను పొట్టిగా, నాలుగంగుళములకు కత్తిరించుకొనగల ధైర్యము కలవారికి ఎనిమిది మాసములు చాలును.

అయితే మనదేశమున పెద్దవయసు స్త్రీకి కత్తెరయన్న మనసు ఉలికిపడుట యుత్త చాదస్తము కాదు. భర్త పోయిన స్త్రీ తల గొఱిగించు నాచారము మన తాతమ్మల కాలమువఱకు కొన్ని కులములలో నుండెడిది. కందుకూరి వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరమున 1881లో మొదటి వితంతు వివాహము జరిపించునాటికి, ఆ యూళ్ళలో పసిపిల్లలకును శిరోముండన మయినది. పొట్టిజుట్టనిన దుఃఖచిహ్న మను తలంపు అట్లు మనలో పాతుకొన్నది. ఆ యాచారము పోయినది. తలంపు మాత్రము ఇంకను మూలను దాగియున్నది. ఇష్టములేని తలపై బలవంతముగా పెట్టిన మంగలికత్తికిని, తన సౌకర్యమునకై తానే కోరి పెట్టించుకొన్న కత్తెరకును సంబంధమేమి?

అదిగాక మనవారే తిరుమల కొండపై తలనీలాలిచ్చుటకు సంకోచింపరు. సువాసినులు సయితము మ్రొక్కుబడిని బట్టి పూర్తిగా నిత్తురు. అంత వలదనువారు మూడు కత్తెరలిత్తురు. ముప్పాతిక తెల్లబడిన జుట్టు ఇచ్చినను దానిని నీలాలనియే యందురు! దేవుడు రంగు చూడడు కాబోలు. మా వీధిలో అఱువది యైదేండ్ల పెద్దమ్మగారొకరు కళ్యాణకట్టలో తలనీలాలు సమర్పించి వచ్చిరి. ఆమెకు మధుమేహమువలన కుడిభుజము పట్టుకొనిపోయి, చేయి చెవి దాటి పైకి లేవదు. అంతకుముందు జడ వేయించుకొనుటకు ప్రతి యుదయమును కోడలికి తీఱుబడి యగువఱకు విరబోసికొని కూర్చుండెడివారు. ఆఱు మాసములలో మూడంగుళముల వెండివంటి జుట్టు వచ్చినది. మరల పెంచుకొనుడని అందఱును చెప్పినను పెంచుకొనలేదు. రెండు మాసములకొకమారు అంచులు సవరింపించుకొనుచున్నారు. "నా తల నేనే దువ్వుకొంటున్నానమ్మా" అని మాతో చెప్పినప్పుడు ఆమె మొగమున కనబడిన వెలుగు ఏ రంగుపెట్టెలోను దొరకదు.

ఇప్పుడు ఎవరి కెట్టి కత్తిరింపు నప్పునో చెప్పెదము. ముట్లుడిగిన పిమ్మట పెక్కుమందికి వెండ్రుక సన్నబడి, పాపట వెడల్పగును. అట్టివారు అందఱివలె స్టెప్ కట్ కోరరాదు; మెట్లు మెట్లుగా కోసినచో ఉన్న కొంచెమును కొసలకడ ఎలుకతోకవలె నగును. మెడవఱకుగాని భుజములవఱకుగాని సమముగా కత్తిరింపించుకొన్నచో కొసలు ఒత్తుగా తోచును. దీనినే బాబ్ కట్ అనుచున్నారు. జుట్టు ఒత్తుగా, గిరజాలుగా నున్నవారికి ఇదే కత్తిరింపు గొడుగువలె నిలుచును. వారికి లేయర్ కట్ తగును. గుండ్రని మొగమువారు గడ్డమునకు రెండంగుళములు క్రిందికి, కోలమొగమువారు గడ్డమువఱకు ఉంచుకొనుట మంచిది. నుదుటిమీదికి జుట్టు దింపుట కండ్లజోడు పెట్టుకొనువారికి ఇబ్బంది. పక్కకు వాలునట్లు కొద్దిపాయ చాలును. ఎల్లకాలము నడిపాపట తీయుటచే ఆ గీతయందే జుట్టు పలుచబడినట్లు కనబడును. పాపటను వ్రేలెడంత ప్రక్కకు జరిపినచో ఖర్చులేకయే తల ఒత్తుగా కనబడును.

జడను వదలలేనివారు వదలవలదు. కొసలు నాలుగంగుళములు కత్తిరించి, అర్ధచంద్రముగా, పార్లరువారి మాటలో యు కట్‌గా చేయించుకొన్నచో నెరసిన జడయును ముచ్చటగానే యుండును. అయితే బిగించి దువ్వి, నడినెత్తికి లాగి సిగ వేయరాదు. ఏండ్లతరబడి లాగుటవలన నుదుటి యంచున వెండ్రుక శాశ్వతముగా పోవును. బరువైన సవరము చేయు కీడును ఇదియే. మెడమీదికి వదులుగా వేసిన ముడి పెద్దవయసునకు శోభ. ఇక సవరము తప్పనివారు తమ తలను పోలిన నలుపుతెలుపులు కలిసినదానిని అడిగి తెచ్చుకొనవలయును. తెల్లతలకు కాఱునల్ల సవరము దూరమునుండియే పట్టియిచ్చును. ఒక్కసారిగా దువ్వెననిండ రాలుచున్నచో సింగారము మాట తరువాత. రక్తహీనతయు, థైరాయిడును పరీక్షింపించుకొనుడు.

పార్లరునకు మొదటిమారు పోవువారు కొందఱు, అక్కడి చిన్నపిల్ల యెంత కత్తిరించునోయని భయపడి నోరు మెదపక కూర్చుందురు. విరాటుని కొలువున ద్రౌపది సైరంధ్రియై సుదేష్ణకు కేశసంస్కారము చేసినది. ఆ విద్యకు ఈ పిల్లలు వారసులు, గౌరవముగా మాటలాడుడు. కాని వేలితో చూపి "ఇంతవఱకే" అని గట్టిగా చెప్పుడు. తడిసినప్పుడు పొడుగుగా కనబడి ఆఱిన పిదప జుట్టు పైకి లేచును గనుక మొదట అంగుళము తక్కువగానే కత్తిరింపుమనుడు. మరల కత్తిరింపవచ్చును గాని అతుకలేము. ముందు గోరింట, నీలి పెట్టియున్నచో ఆ సంగతి దాచక చెప్పవలయును; వానిపై వారి రసాయనములు వేసిన వింతరంగులు రాగలవు. మంగళ శుక్రవారములు కూడదందురా, బుధవారము పొండు.

తెల్లజుట్టునకు పోషణ వేఱు. అది నల్లదానికంటె పొడిగా, పెళుసుగా నుండును. తలంటుకు ముందు కొబ్బరినూనె రాచినచో కడుగునప్పుడు వెండ్రుకలోని మాంసకృత్తులు నష్టపోవుట తగ్గును. ఎఱుపు, ఆకుపచ్చ రంగులు కలిపిన నూనెలు మాత్రము వలదు. వాని చాయ తెల్లవెండ్రుకకు అంటును. ఎండ, పొగ, ఉప్పునీరు తగిలి తెల్లజుట్టు పసుపుపచ్చబడుట కలదు. తెల్లబట్ట పచ్చబడినప్పుడు మనము నీలిమందు పెట్టుదుము గదా, అదే సూత్రముపై ఊదారంగు షాంపూ యొకటి అమ్ముచున్నారు. పదిదినముల కొకమారు రెండు నిమిషములుంచి కడిగినచో పసుపుచాయ విఱిగి వెండివలె నగును. ఎక్కువ యుంచినచో తలకే ఊదారంగు వచ్చును. చవుక యని బట్టల నీలిమందునే తలకు పెట్టరాదు.

తుదకు మన సోదరి యింటి పెండ్లి. మూడు మాసములలో ఆమెకు అంగుళమున్నర తెలుపు పెరుగును. ఈ వారమే వైద్యునికి చూపి, చర్మము శాంతించిన పిదప జుట్టును భుజములకు కత్తిరింపించుకొనవలయును. పెండ్లికి పదునైదు దినములుండగా మరల మెడవఱకు. అంతట రంగు వెలిసిన భాగము చాలవఱకు పోయి, మిగిలిన నలుపు తెలుపులో కలిసిపోవును. పాపటను ప్రక్కకు తీసి, ముందుభాగమును వెనుకకు వదులుగా దువ్వి, మెడపై చిన్నముడి వేసికొన్న నుదుటినుండి తెల్లని అంచు కిరీటమువలె కనబడును, గీతవలె కాదు. ముడికి చాలనంత పొట్టి యయినచో సవరము వలదు, ఒక ప్రక్క పిన్నుతో పూలు గ్రుచ్చుకొనుడు. పెండ్లికి రెండు దినములు ముందుగా తలంటుకొన్నచో జుట్టు చెప్పినమాట వినును. ఆ యుదయమే పోసికొన్న జారిపోవును.

కూతురు దిగులునకు ఒక ఉపాయము. ఇప్పుడే ఒక దినము తల్లిని క్రొత్త కత్తిరింపుతో కూర్చుండబెట్టి, ఆ పట్టుచీరె కట్టి, ఫోటో తీసి చూడుమనుడు. చీరె విషయమున బూడిదవన్నె, వెలిసిన చాయలు మానవలయును. ముదురాకుపచ్చ, నేరేడుపండు రంగు, కుంకుమయెఱుపు తెల్లతలకు ప్రక్కన చక్కగా వెలుగును. పూలలో మల్లెలు తెల్లజుట్టుపై కలిసిపోయి కనబడవు. కనకాంబరములు, మరువము, ఎఱ్ఱగులాబి ఎన్నుకొనుడు. భర్త లేని సోదరీమణులకును ఈ పూలు తగునని మా మతము.

ఆడపడుచులకు ఏమి చెప్పవలయునని ఆమె అడుగలేదు. వాచిన కనుఱెప్పల ఫోటో యున్నచో అది చూపుట చాలును. పెండ్లి యయిన పిమ్మట ఆమె మాకు మరల వ్రాయుదురుగాక. వియ్యపురా లేమనెనో తెలిసికొనవలెనని మాకును కుతూహలముగా నున్నది.